ఒకటో నంబరు చానల్

ఆ ఆదివారం పొద్దున్న జేబులోని డబ్బా మూడోసారి కీచుమన్నప్పుడు ఆమె లేవదలచుకోలేదు.

"మోగు, నీ ఇష్టం వచ్చినంతసేపు మోగు," అని డబ్బాని కసిరి, రెయిన్‌కోటు టోపీని ముక్కు దాకా లాక్కుంది.

కోపం రాదా మరి? వారానికి ఆరు రోజులు డెంటల్ ల్యాబులో కూర్చుని ఊళ్ళోవాళ్ళకి కట్టుడు పళ్ళు చేస్తుంది ఆ అమ్మాయి. పన్ను పన్ను పట్టుకారుతో పట్టుకుని మైనంలో నిలబెట్టే పని. సాయంత్రానికి కళ్ళు లాగేస్తాయి. ఏడో రోజు సముద్రం ఒడ్డున, ఇసుకలో రాడ్ పాతి, చేప కోసం ఎదురుచూడటం ఆమె సరదా. అలా ఎదురుచూస్తూ కునుకు తీయడం ఆమె బలహీనత. అందుకే ఈ అలారం కొన్నది. రాడ్‌కి చిన్న పెట్టె బిగిస్తే చాలు, చేప ఎర లాగి లైను కదలగానే జేబులోని రిసీవరు కీచుమంటుంది. తీరా చూస్తే ఇది చేప లేకపోయినా మోగుతోంది. రెండుసార్లు పడుతూ లేస్తూ పరిగెత్తింది. రెండుసార్లూ లైను చెక్కుచెదరలేదు.

సన్నగా తుంపర పడుతోంది. సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. అలల చప్పుడు జోకొడుతోంది. కళ్ళు మూతలు పడ్డాయి.

"ఏవండీ! రాడ్! రాడ్ పోతోందండీ!"

ఉలిక్కిపడి టోపీ తీసింది. ఎడమవైపు రాళ్ళగుట్ట మీంచి ఎవడో మనిషి చేతులూపుకుంటూ దూకుతున్నాడు. ఆమె రాడ్ ఇసుకలోంచి ఊడి, నీళ్ళ వైపు జరజరా జారిపోతోంది. అది నాన్న రాడ్! ఆమె లేచేలోపు ఆ మనిషి వేసుకున్న బట్టలతోనే అలల్లోకి దూకేశాడు. రెండు అలలు ఆయనగారి నెత్తిమీంచి వెళ్ళాయి. మూడో అల తగ్గేసరికి నడుములోతు నీళ్ళలో నిలబడి, రాడ్ పైకెత్తి పట్టుకుని నవ్వుతున్నాడు.

లైను వేలాడుతోంది. చేప ఎప్పుడో జారుకుంది.

"ఎవరు మీరు? నా రాడ్ దగ్గరికి మీరెందుకొచ్చారు?" అంది ఆమె. ఇంకా సగం నిద్రలోనే ఉంది పాపం.

"థాంక్స్ అంటారనుకున్నాను."

"రాడ్ సరే, చేప ఏదీ?"

"అది కూడా నేనే పట్టాలా?" అంటూ అతను ఒడ్డుకొచ్చి, జేబులోంచి ఫోన్ తీసి దులిపాడు. చెంచాడు నీళ్ళు కారాయి. రెండో జేబులోంచి ఇంకోటి తీశాడు. పసుప్పచ్చ డబ్బా. అచ్చం ఆమె దగ్గరున్నలాంటిదే.

ఆమె తన డబ్బా తీసి చూసింది. ఇద్దరూ రెండు డబ్బాల వంకా చూశారు.

"పొద్దుట్నించి మూడుసార్లు మోగింది కదండీ?" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"మొదటి రెండూ నా చేపలు. గుట్టకి అటుపక్క నా రాడ్ ఉంది. మూడోసారి మోగితే చూశాను, నా రాడ్ కదల్లేదు. ఎవరిదా అని గుట్టెక్కాను. ఫ్యాక్టరీలో వీటన్నింటికీ ఒకటో నంబరు చానలే పెట్టి పంపిస్తారు. కొన్నాక మనమే మార్చుకోవాలి. నేను మార్చలేదు. మీరూ మార్చలేదు."

"అంటే మీ చేపల కోసం నేను రెండుసార్లు పరిగెత్తానా!"

"మీ చేప కోసం నేను మునిగాను. చెల్లుకి చెల్లు."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే చులకనైపోతానని బిగబట్టింది. "సరే, మార్చేద్దాం. ఎలాగట?"

"బ్యాటరీ మూత కింద ఏదో మతలబు ఉంటుంది. మాన్యువల్ ఇంట్లో ఉంది. వచ్చే ఆదివారం పట్టుకొస్తాను."

తెచ్చాడా? తేలేదు. రెండో ఆదివారం మరిచిపోయానన్నాడు. మూడో ఆదివారం తెచ్చాడు కానీ అది డ్రోన్ మాన్యువల్. నాలుగో ఆదివారం కుండపోత వాన. ఆమె కొన్న డబ్బాతో వచ్చిన మాన్యువల్ ఏమైందని మీరు అడగొచ్చు. అడక్కండి.

అతని పని పైకప్పులు కొలవడం. సోలార్ పలకలు పెట్టించుకునేవాళ్ళ ఇళ్ళ మీద డ్రోన్ ఎగరేసి, ఏ వాలు మీద ఎన్ని గంటలు ఎండ పడుతుందో చెప్తాడు. ఆదివారం అదే డ్రోన్‌కి కింద కొక్కెం తగిలించి, దానికి ఎర కట్టిన లైను తగిలిస్తాడు. డ్రోన్ అలలు దాటి, మనిషి విసురు అందనంత దూరం పోతుంది. బటన్ నొక్కితే కొక్కెం తెరుచుకుంటుంది, ఎర నీళ్ళలో పడుతుంది, డ్రోన్ ఖాళీగా వెనక్కొస్తుంది. ఇంతేనా? ఇంకో బంతి ఉంది. దాన్ని నీళ్ళలోకి విసిరితే అడుగున ఎంత లోతుందో, చేపలెక్కడున్నాయో ఫోన్‌లో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

"చేపలు పట్టడానికి విమానమా?" అంది ఆమె మొదటిసారి చూసి. "రేపు సబ్‌మెరీన్ కూడా తెస్తారా, పైలట్‌గారూ?"

"చూస్తున్నాను, వాయిదాల మీద దొరుకుతుందేమోనని. డాక్టరుగారు పూచీ ఉంటే..."

"డాక్టర్ని కాదు. పళ్ళు చేస్తాను."

"మరి నా పళ్ళు ఎలా ఉన్నాయో చూసి చెప్పండి." అని ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వాడు.

ఆమె నిజంగానే చూసింది. వృత్తిధర్మం. పైవరసలో కుడి కోరపన్ను కొంచెం పక్కకి తిరిగి ఉంది. ఆ పన్ను వల్లే నవ్వు అంత బాగుందని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. పైకి మాత్రం "తోముకుంటే చాలు" అంది.

వారాలు గడిచాయి. గుట్టకి ఇటు ఆమె, అటు అతను. ఎవరి గాలానికి చేప తగిలినా రెండు జేబులూ మోగేవి. ఆమె తన రాడ్ వంక చూసి, కదలకపోతే "ఓహో, వీరికి పడింది" అనుకునేది. కీచుమని, టక్కున ఆగిపోతే, "అయ్యో, పోయింది" అనేది. అతని అదృష్టం, దురదృష్టం అంతా ఆమె జేబులోనే తెలిసిపోయేది. కొన్ని పొద్దులు మంచు దిగి గుట్ట కూడా కనపడేది కాదు. ఆ తెల్లటి మసకలో ఎక్కడో డ్రోన్ తుమ్మెదలా ఝుమ్మనేది, దాని ఎర్ర దీపం నీళ్ళ మీద తేలుతూ పోయేది. ఆమె దానివంకే చూస్తూ కూర్చునేది. నిద్ర మాత్రం వచ్చేది కాదు. అలారం కొన్న అవసరమే తీరిపోయింది, చూడండి.

ఒక ఆదివారం ఆమె ఆలస్యంగా లేచింది. వాళ్ళ ఇల్లు ఒడ్డుకి రెండు వీధుల ఇవతల. వంటింటి కిటికీలో పెట్టిన డబ్బా కీచుమంటే, అమ్మ గరిటెతో సహా ఎగిరిపడింది.

"ఇదేమిటే! నీ రాడ్ మూలనే ఉందిగా?"

"నాది కాదమ్మా, అవతలివాళ్ళది."

"అవతలివాళ్ళ చేప మన వంటింట్లో మోగడమేమిటే?" అంది అమ్మ. కూతురి మొహం చూసి ఇంకేం అడగలేదు. అమ్మలకి కొన్ని తెలుస్తాయి.

నాన్న గురించి చెప్పాలి ఇక్కడ. ఆయన ముప్ఫయ్యేళ్ళు రేవులో క్రేన్ నడిపాడు. అంత ఎత్తున గాజు గదిలో కూర్చుని, రెండు చేతులతో రెండు మీటలు పట్టుకుని, లారీ అంతేసి పెట్టెని ఓడలో గీసిన గీత మీద దించేవాడు. ఆదివారం మాత్రం కిందికి దిగి, ఇసుకలో నిలబడి, గాలం విసిరేవాడు. అలలకి అవతల నీటి అడుగున ఒక రాతిగట్టు ఉంది. పైకి కనపడదు, ఎప్పుడైనా పైన నురగ చుట్టు తిరుగుతుందంతే. దొంగగట్టు అని ఆయనే పేరు పెట్టుకున్నాడు. పెద్ద పండుగప్పలు అక్కడే కాపురముంటాయి. దాని దూరానికి సరిపోయేలా లైనుకి ఒకచోట ఎర్ర దారం ముడేసుకున్నాడు. విసిరినప్పుడు ఆ దారం రీలులోంచి బయటికి పోయిందంటే ఎర గట్టు మీద పడ్డట్టే.

ఏడాది కిందట ఆయన కుడిభుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేవదు. "ఇక నాకు ఆ ఒడ్డుతో పనిలేదు" అని రాడ్ కూతురి చేతిలో పెట్టాడు. అప్పట్నించి సముద్రం వైపు వెళ్ళలేదు. కానీ ప్రతి ఆదివారం ఆమె వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేవాడు.

"గట్టు దాకా పడిందా?"

మొదటిసారి ఆయన మొహం చూసి ఆమె నోటికి నిజం రాలేదు. "పడింది నాన్నా. చేపే ఎర ముట్టలేదు."

"అదీ! పడితే చాలు. చేప దాని ఇష్టం." ఆయన నవ్వుకుంటూ రాడ్ అందుకుని, ఎడమచేత్తో తడిగుడ్డ పెట్టి రీలు తుడుచుకునేవాడు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఇక ఆమె ఎలా మానుతుంది? ప్రతి ఆదివారం అదే అబద్ధం. నిజానికి ఆమె ఎంత బలంగా విసిరినా ఎర ముప్ఫై బారలు తక్కువ పడేది. ఎర్ర దారం రీలు దాటిందే లేదు.

ఇదంతా ఒక తుంపర పొద్దున, గుట్ట కింద తల దాచుకున్నప్పుడు, ఆమె పైలట్‌కి చెప్పేసింది. అబద్ధం సంగతి తప్ప. అది చెప్పడానికి సిగ్గేసింది.

"ఇంతేనా? లైను ఇలా ఇవ్వండి, రెండు నిమిషాల్లో గట్టు మీద పెట్టొస్తాను," అన్నాడు.

"వద్దు. నాన్నకి మెషీన్లంటే గిట్టదు. విసిరి పట్టాలి అంటాడు."

"క్రేన్ మెషీన్ కాదా?"

ఆమె రెండు వారాలు ఆలోచించింది. మూడో వారం, వాన వెలిసి సముద్రం అద్దంలా పరుచుకున్న పొద్దున, లైను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఎవరికీ చెప్పొద్దు," అందామనుకుంది. అప్పటికే డ్రోన్ లేచింది.

రీలు తిరుగుతోంది. లైను వరసలు వరసలుగా విప్పుకుంటోంది. ఉన్నట్టుండి ఎర్ర దారం తళుక్కుమని ఆమె వేళ్ళ పక్కనుంచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె చిన్నపిల్లలా కేక పెట్టి గంతేసింది.

"వదిలెయ్! వదిలెయ్! గట్టు వచ్చింది!"

"వదిలెయ్యండి అనాలి," అంటూ అతను బటన్ నొక్కాడు.

పావుగంట కూడా కాలేదు. రెండు జేబులూ ఒక్కసారి మోగాయి, ఆగకుండా మోగాయి. రాడ్ విల్లులా వంగింది. ఆమె లాగుతుంటే అతను వెనకనుంచి "వదులు... ఇప్పుడు చుట్టండి... వదులు..." అని జపం చేశాడు. చివరికి చెయ్యంత పండుగప్ప ఒడ్డున పడి తోక కొట్టింది. ఇద్దరూ ఇసుకలో చతికిలపడి, ఎందుకో తెలీకుండా చాలాసేపు నవ్వుకున్నారు. అతని జుట్టులో ఇసుక ఉంది. దులుపుదామని చెయ్యి సగం దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. అతను చూడనట్టు నటించాడు, అంత బాగా ఏమీ నటించలేదు.

ఇంట్లో పండగే. నాన్న చేపని టేపుతో మూడుసార్లు కొలిచాడు. ఇరుగువాళ్ళనీ పొరుగువాళ్ళనీ పిలిచాడు. రీలు తుడుస్తూ, ఎర్ర దారం తడిగా తగిలేసరికి ఆగాడు. దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"నువ్వే విసిరావా?"

ఆమె "ఊఁ," అంది.

ఆ "ఊఁ" కొంప ముంచింది.

మర్నాడు సాయంత్రం గేటు చప్పుడైంది. చూస్తే పైలట్. ఆమె ఒడ్డున మరిచిపోయిన రిసీవరు ఇవ్వడానికొచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక్క డబ్బా ఇవ్వడానికి! అమ్మ అన్నీ గమనించి, "లోపలికి రా బాబూ" అంది. నాన్న కుర్చీ చూపించాడు. పైలట్‌కి ఉత్సాహం ఆగలేదు.

"అంకుల్, నిన్నటి చేప ఎలా పడిందో చూస్తారా? పైనుంచి మొత్తం రికార్డ్ అయింది."

ఆమె వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఫోన్‌లో ఒడ్డు కిందికి జారిపోతోంది. రాడ్ పట్టుకుని గంతులేస్తున్న ఆమె బొమ్మ చిన్నదైపోతోంది. పచ్చటి నీళ్ళు, తెల్లటి అలలు, ఆ తర్వాత నీటి అడుగున నల్లగా, పొడుగ్గా దొంగగట్టు. డ్రోన్ కిందనుంచి ఎర దాని మీద పడింది.

నాన్న చివరిదాకా చూశాడు. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఆమె పైలట్‌ని గేటు దాకా దాదాపు తోసుకుంటూ తీసుకెళ్ళింది.

"ఎవరు చూపించమన్నారు మిమ్మల్ని?"

"సంతోషిస్తారని... ఏమైందండీ?"

"నేనే విసిరానని చెప్పాను ఆయనకి!"

"ఆ సంగతి నాకు చెప్పలేదుగా మీరు?"

"అన్నీ మీకు చెప్పాలా? మీరెవరు?" అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది, కానీ మాట గేటు దాటిపోయింది. కోపంలో మనిషి ఒకచోట ఆగదు కదా, ఇంకో అడుగు వేసింది. "ఇక మా వైపు రాకండి. ఆ చానల్ కూడా మార్చేసుకోండి."

అతను "సరేనండీ," అని, డబ్బా గేటు స్తంభం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఆమె ఒడ్డుకి వెళ్ళలేదు. పై ఆదివారమూ వెళ్ళలేదు. నాన్న మామూలుగానే మాట్లాడేవాడు, కానీ "గట్టు" అన్న మాట ఎత్తలేదు. రోజూ సాయంత్రం "భుజానికి వ్యాయామం చేయిస్తున్నారు" అని ఎక్కడికో వెళ్ళొచ్చేవాడు. ఆమె క్షమాపణ చెప్పుకుందామని రోజూ ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చేసేది. నాన్న మనసు విరిచింది. తన కోసం నీళ్ళలో దూకిన మనిషిని గేటు బయట నిలబెట్టింది. ఏది ముందు బాగుచెయ్యాలో, ఎలా బాగుచెయ్యాలో తెలియలేదు.

ల్యాబులో ఒక పెద్దాయన పళ్ళసెట్టుకి రెండువైపులా ఎడమ కోరపళ్ళే పెట్టేసింది. పెద్ద టెక్నీషియన్ మేడమ్ అద్దాలు పైకెత్తి చూసింది.

"ఏమ్మా, ఆయన్ని అద్దం ముందు నిలబెట్టి భయపెడదామనా? ధ్యాస ఎక్కడుంది?"

ధ్యాస కుడి కోరపన్ను మీద ఉంది. పక్కకి తిరిగిన కుడి కోరపన్ను మీద. కానీ అది మేడమ్‌కి చెప్పే సంగతి కాదు.

డబ్బా మాత్రం వంటింటి కిటికీలోనే ఉంది. ఇంట్లో ఇంకెక్కడ పెట్టినా ఒడ్డు సిగ్నల్ అందదు మరి. బ్యాటరీ తగ్గితే కొత్తది వేసింది. రోజుకి పదిసార్లు దానివంక చూసేది. అది మోగలేదు. "మార్చేసుకున్నాడన్నమాట," అనుకుంది. "నువ్వేగా మార్చుకోమన్నావు?" అని తననే తిట్టుకుంది. తిట్టుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తే, సముద్రం మీద వాన తెరలు తెరలుగా నడిచిపోతోంది. అతను పక్కన లేకపోతే ఆ వాన కూడా చూడబుద్ధి కావడంలేదని ఆమెకి అర్థమైంది. ఇష్టం అంటే ఇదే కాబోలు. అర్థమైతే ఏం లాభం, అతను లేడుగా.

మూడో ఆదివారం సాయంత్రం. ల్యాబు నుంచి తెచ్చుకున్న పని ముందేసుకుని కూర్చుంది. అమ్మ కూర తరుగుతోంది. నాన్న వ్యాయామానికి వెళ్ళాడు.

కీచ్!

ఆమె చేతిలోని పన్ను ఎగిరి బీరువా కిందికి పోయింది.

కీచ్, కీచ్, కీచ్...

నాన్న రాడ్ వైపు చూసింది. మూలన ఉండాల్సింది, లేదు. అలారం పెట్టె కూడా లేదు.

"అమ్మా, రాడ్ ఏదీ?"

అమ్మ తల ఎత్తలేదు. "మీ నాన్న వ్యాయామానికి పట్టుకెళ్ళారు."

"రాడ్‌తో వ్యాయామమా?"

"వారం రోజులుగా చేస్తున్నారు. అక్కడే నిలబడి నన్ను అడుగుతావేమే? వెళ్ళి చూడు!"

చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకి తొడుక్కుని పరిగెత్తింది. రెండు వీధులు, ఇసుక, రాళ్ళగుట్ట. గుట్టెక్కి అటు చూసి, అక్కడే నిలబడిపోయింది.

మడత కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో డ్రోన్ రిమోట్. రెండు బొటనవేళ్ళూ దాని రెండు పుల్లల మీద ఉన్నాయి. పక్కన పైలట్ నాన్న రాడ్ పట్టుకుని, మెలికలు తిరుగుతున్న చేపతో కుస్తీ పడుతున్నాడు. అతని జేబులోని డబ్బా కూడా కీచుమంటోంది. తుంపరకి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"వదులు కొంచెం! ఇప్పుడు చుట్టు! అరే, నీకు చెయ్యి తొందరెక్కువయ్యా!" నాన్న గద్దిస్తున్నాడు. ఏడాదిగా ఆమె వినని గొంతు అది. అంతలో కూతుర్ని చూశాడు.

ఆమె నోటికొచ్చిందే అడిగింది.

"గట్టు దాకా పడిందా నాన్నా?"

"పడకేం! నట్టనడిమిన దించాను!" అన్నాడు ఆయన, మొహమంతా నవ్వుతో. "ఇది మన క్రేనేనే. చిన్నదైపోయింది, అంతే. మీటలు రెండే, పైకీ కిందికీ అదే లెక్క. భుజం ఎత్తే పనే లేదు. ఈ అబ్బాయి గాలికి ఎదురు పట్టకుండా సూటిగా పంపిస్తాడు, అందుకే పక్కన పడుతుంది. వారం రోజులుగా నేర్పిస్తున్నాను. అలారం బిగించింది మాత్రం ఇవాళే."

"నేర్చుకుంటున్నానండీ," అన్నాడు పైలట్, ఆమెవైపు చూడకుండా.

ఆమె వచ్చి నాన్న కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. "నాన్నా, నీతో అబద్ధం చెప్పాను. ఆ రోజొక్కటే కాదు, ఏడాదిగా."

"తెలుసు."

"తెలుసా?"

"రీలు తుడిచేది నేను కాదూ? ఎర్ర దారం ఒక్కనాడైనా తడిగా ఉంటేగా!" ఆయన రిమోట్ ఒళ్ళో సర్దుకున్నాడు. "అయినా అడిగేవాణ్ణి. నువ్వు పడింది అంటే, ఆ ఒక్క నిమిషం నేనే విసిరినట్టు ఉండేది. తప్పు నాది, నీచేత అన్ని అబద్ధాలు ఆడించాను."

"మరి వీడియో చూసి లేచి వెళ్ళిపోయావే?"

నాన్న సముద్రం వైపు చూశాడు. "ముప్ఫయ్యేళ్ళు దాన్ని నురగ చూసి ఊహించుకున్నానే. ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి పైనుంచి, అంత నల్లగా, అంత పొడుగ్గా కనిపించేసరికి ఏడుపొచ్చింది. కొత్తగా వచ్చిన మనిషి ముందు ఏడవమంటావా? మొహం కడుక్కుని వచ్చేసరికి నువ్వు ఈ అబ్బాయిని తరిమేశావు. వెతికి పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది."

ఆమె ఏడ్చింది, నవ్వింది, రెండూ ఒకేసారి. పైలట్ చేపని ఒడ్డుకి లాగాడు. చిన్నది. నాన్న వంగి చూసి, "వదిలెయ్, పెరగనీ" అన్నాడు. దాన్ని వదిలేసి, ఇంకో ఎర కట్టి, తనే మళ్ళీ గట్టు మీద దించాడు. డ్రోన్ తిరిగొచ్చి వాలగానే, రాడ్‌ని ఇసుకలో పాతించి కుర్చీ మడిచాడు.

"నేను వెళ్ళి మీ అమ్మకి చెప్పాలి. ఇదిగో, విమానం! రాత్రికి మా ఇంట్లో భోంచెయ్. వీడియోలన్నీ పట్రా." రెండడుగులు వేసి ఆగాడు. "ఇవాళే కాదు. రోజూ వచ్చినా మాకేం అభ్యంతరం లేదు."

పెద్దమనిషి ఎంత సుళువుగా తేల్చేశాడో చూడండి. మిగిలిన ఇద్దరూ మాత్రం కాసేపు ఇసుకని పరీక్షగా చూశారు.

"చెప్పులు తిరగేసి తొడుక్కున్నారు," అన్నాడు అతను.

"తెలుసు. ఫ్యాషన్." ఆమె వంగి చెప్పులు మార్చుకుంది. "ఆ రోజు మీరెవరు అన్నాను. తప్పు. ఈ మూడు వారాలూ అదే మాట నన్ను తినేసింది."

"నేనూ అడక్కుండా చూపించేశాను. సారీ."

"మరి చానల్ ఎందుకు మార్చలేదు? మార్చమన్నానుగా."

"మాన్యువల్ దొరకలేదు."

ఆమె అతనివైపు సూటిగా చూసింది. "బ్యాటరీ మూత తియ్యాలి. లోపల ఎర్ర బటన్ ఉంటుంది. అయిదు సెకన్లు నొక్కిపట్టాలి. దీపం రెండుసార్లు మెరిశాక నంబరు మార్చుకోవాలి."

అతని నోరు తెరుచుకుంది. "మీకు తెలుసా? ఎప్పట్నించి?"

"మొదటి ఆదివారం సాయంత్రం నుంచి. ఇంటికెళ్ళగానే మాన్యువల్ తీసి చదివాను."

అతను నవ్వడం మొదలుపెట్టాడు. ఆ పక్కకి తిరిగిన పన్ను కనపడేలా నవ్వాడు. "నాకు మొదటి ఆదివారం పొద్దున్నుంచే తెలుసు. మూత తియ్యబోయి, మీ మొహం చూసి ఆగిపోయాను."

"అప్పుడు నా మొహం నిద్రమొహం!"

"అదే మొహం. ఆ మొహం మీద వాన పడుతోంది, మీరు నన్ను తిడుతున్నారు. ఇది ప్రతి ఆదివారం కావాలి అనుకున్నాను. నాకు మీరంటే చాలా ఇష్టమండీ. మీ నాన్నగారు వచ్చేదాకా గాలం ముట్టుకోలేదు. ఈ మూడు వారాలు ఎలా గడిచాయో..."

"అండీ వద్దు," అంది ఆమె. చెయ్యి చాచి అతని జుట్టులోని ఇసుక దులిపింది. ఈసారి సగంలో ఆపలేదు. "నువ్వు లేకపోతే నాకు వాన కూడా బాగోలేదు. చానల్ మార్చకు. ఎప్పటికీ మార్చకు."

తుంపర చిక్కబడింది. సముద్రమూ ఆకాశమూ మళ్ళీ కలిసిపోయాయి. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు, తడిగా, చల్లగా ఉన్న చెయ్యి. 

అతని జేబులో డబ్బా కీచుమంది. ఇద్దరూ కదల్లేదు.

మళ్ళీ కీచుమంది. మళ్ళీ. ఎవరికి పట్టింది?

"ఒరేయ్ విమానం!" రోడ్డు మీంచి నాన్న కేక ఒడ్డంతా వినపడింది. క్రేన్ మీంచి ఓడల్ని చూసిన కళ్ళు కదా, అంత దూరం నుంచీ కనిపెట్టేశాయి. "రాడ్! నా రాడ్ పోతోందిరా!"

చూస్తే నిజంగానే రాడ్ ఇసుకలోంచి ఊడి, నీళ్ళ వైపు జరజరా జారిపోతోంది. ఇద్దరూ పట్టుకున్న చేతులు వదలకుండానే దాని వెనక పరిగెత్తారు.